పాత లగ్జరీ బండి, కొత్త బండి బిల్లు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో పాత కార్ల ప్రకటనలు తిరగేస్తుంటే ఒకటి కనబడింది. "2013 మోడల్, డీజిల్ ఆటోమేటిక్, డాక్టరు గారు వాడిన బండి, 70 వేలు మాత్రమే తిరిగింది, షోరూం కండిషన్, 12 లక్షలు, బేరం ఉంది." కారు పేరు నేను రాయను గానీ కొత్తప్పుడు అరవై లక్షలు దాటిన బండి. ముందు నవ్వొచ్చింది, తరవాత కడుపులో తిప్పినట్టయింది. నాలుగేళ్ళ కింద అచ్చం ఇలాంటి నాలుగు ముక్కలు చదివే నేనూ ఒకటి కొన్నాను. 13.5 లక్షలకి కొన్నదాని మీద ఇప్పటికి పదిన్నర లక్షలు పెట్టాను, అది కూడా డీజిలూ ఇన్సూరెన్సూ కాకుండా.

మాది భీమవరం పక్కన పల్లెటూరు, రొయ్యల చెరువులు చేస్తాం. ఇంట్లో 2009 ఇన్నోవా ఉంది, 3 లక్షల 40 వేలు తిరిగింది, మేత బస్తాలు కూడా మోసింది పాపం. ఏడాదికి దాని మీద పాతిక వేలు దాటి పెట్టిన గుర్తు లేదు. అలాంటి బండి ఉండగా ఇంకోటి ఎందుకయ్యా అంటే, 2021లో పంట బాగా చేతికొచ్చింది, సంక్రాంతి దగ్గర పడింది, మా వైపు పండక్కి ఎవరి ఇంటి ముందు ఏ బండి ఆగిందన్నది ఊరంతా చూసే విషయం. ఇందులో కొంచెం గొప్పలకి పోవడం కూడా ఉంది, దాచడం ఎందుకు. కొత్త ఫార్చ్యూనర్ కొనే డబ్బులో మూడో వంతుకి దానికంటే పెద్ద పేరున్న బండి వస్తుందంటే ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది. హైదరాబాద్‌లో ఒక బ్రోకర్ దగ్గర చూశాం, 2012 మోడల్, ఢిల్లీ రిజిస్ట్రేషన్, మీటర్ మీద 78 వేలు. ఎన్ఓసీ తెప్పించి, ఇక్కడ జీవితకాల పన్ను కట్టి, మన నంబరు వేయించుకున్నాం.

నిజం చెప్పాలంటే మొదటి ఆరు నెలలూ స్వర్గమే. హైదరాబాద్ నుంచి విజయవాడ 275 కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా వచ్చినా నడుం నొప్పి అనేది తెలియలేదు, వందలో వెళ్తున్నా లోపల కూర్చున్నవాళ్ళు గుసగుసగా మాట్లాడుకోవచ్చు. అందుకే ఈ బండ్లు చెత్తవి అని నేను అనను, ఎవరైనా అంటే ఒప్పుకోను కూడా. చేసినవాళ్ళు గొప్పగానే చేశారు, కానీ చేసింది మొదటి అయిదారేళ్ళు వాడి అమ్మేసుకునే మనిషి కోసం. ఆ తరవాత కొనే నాలాంటివాడు వాళ్ళ లెక్కలోనే లేడు.

జూన్‌లో ఒక రోజు పొద్దున లేచి చూస్తే బండి కుడి ముందు కాలు విరిగిన గేదెలా ఒక పక్కకి ఒరిగి ఉంది, చక్రం మీద మడ్‌గార్డు ఆనుకుని. స్టార్ట్ చేస్తే ఎక్కడో లోపల మోటారు గీమని అరుస్తూ మెల్లగా పైకి లేపింది, సాయంత్రానికి మళ్ళీ కూలబడింది. ఇంటికి ఫోన్ చేసి "ఎయిర్ బ్యాగ్ పోయింది" అన్నాను, మా ఆవిడ "అయ్యో, ఎవరికైనా దెబ్బలు తగిలాయా" అని ఏడుపు మొదలుపెట్టింది. ఆ ఎయిర్ బ్యాగ్ వేరు, ఈ ఎయిర్ బ్యాగ్ వేరు అని చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఇది తెలియనివాళ్ళ కోసం కొంచెం వివరంగా రాస్తాను. మామూలు బండికి ఇనప స్ప్రింగులు ఉంటాయి, అవి ఇరవై ఏళ్ళున్నా పెద్దగా ఏం కాదు. ఈ బండ్లలో చాలావాటికి స్ప్రింగు బదులు గాలి నింపిన రబ్బరు సంచి ఉంటుంది. రబ్బరు కదా, ఎండకీ దుమ్ముకీ ఏడెనిమిదేళ్ళకి మడతల దగ్గర సన్నగా చిట్లుతుంది. గాలి కొంచెం కొంచెంగా పోతుంటే, తగ్గిన గాలిని నింపడానికి కంప్రెసర్ మాటిమాటికీ తిరుగుతుంది. అంతంత సేపు తిరగడానికి దాన్ని చేయలేదు, కాబట్టి కొన్నాళ్ళకి అదీ కాలిపోతుంది. అంటే సంచి చిట్లినప్పుడే మారిస్తే ఒక బిల్లు, "ఇంకో పంట దాకా చూద్దాం" అంటే రెండు బిల్లులు. నేను రెండో రకం మనిషిని.

కంపెనీ సర్వీస్ సెంటర్ వాళ్ళు ఒక పక్కది 1.45 లక్షలన్నారు, రెండు పక్కలా కలిపి మార్చాలన్నారు, కంప్రెసర్ ఇంకో 95 వేలు. మొత్తం 3.85 లక్షలు. ఎస్టిమేట్ కాగితం చేతిలో పట్టుకుని ఏసీ గదిలో కాఫీ తాగుతుంటే అప్పుడు బుర్రకి ఎక్కింది అసలు సంగతి. నేను కొన్నది 13.5 లక్షల బండి కాదు. ధర మాత్రమే అంతకి దిగింది. లోపలున్న ప్రతి నట్టూ బోల్టూ ఇప్పటికీ అరవై లక్షల బండిదే, దాని రేటు దిగదు, పైపెచ్చు ఏటా పెరుగుతుంది. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదని మా నాన్న అంటుండేవాడు, అప్పట్లో ఎడ్లబండి గురించి అనుకున్నాను.

విజయవాడ ఆటోనగర్ వెళ్ళాను. మనవాళ్ళకి ఆటోనగర్ అంటే ఒక నమ్మకం కదా, లారీ ఇంజన్ని కళ్ళకి గంతలు కట్టినా విప్పి బిగించే మేస్త్రులు ఉంటారు, దొరకని సామాను ఉండదు. నాకు దొరికిన మెకానిక్ కుర్రాడు నిజంగా పనిమంతుడు, ఢిల్లీ నుంచి రిపేరు చేసిన పాత సంచులు రెండు 1.3 లక్షలకి తెప్పించి బిగించాడు. కానీ బిగించాక బండి ఎత్తు కొలతలు కంప్యూటర్‌కి మళ్ళీ చెప్పాలంట, దానికి కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి, ఇతని దగ్గరున్న స్కానర్ తప్పు ఎక్కడుందో చదువుతుంది గానీ అన్ని పనులూ చేయలేదు. ఒక్క ఆ పని కోసం బండిని మళ్ళీ కంపెనీ వాళ్ళ దగ్గరికి తీసుకెళ్తే, "మా సామాను కాదు, ముట్టుకోం" అన్నారు. చివరికి బెంగళూరు నుంచి ఒకాయన లాప్‌టాప్ పెట్టుకుని రైల్లో వచ్చాడు, ఆయన పని ఇరవై నిమిషాలు, ఫీజు పద్దెనిమిది వేలు, భోజనం మనదే. ఆ సంచుల్లో ఒకటి పదకొండు నెలలకి మళ్ళీ చిట్లింది.

బ్యాటరీ సంగతీ అంతే. ఇన్నోవాకి బ్యాటరీ పోతే ఊళ్ళో షాపువాడు వచ్చి పది నిమిషాల్లో మార్చి వెళ్ళిపోతాడు. దీనికి 34 వేల బ్యాటరీ, పైగా కొత్తది వేశామని కంప్యూటర్‌లో నమోదు చేయాలి, లేకపోతే పాతదనుకుని ఛార్జింగ్ తప్పుగా చేస్తుంది. ఎవరికి ఉపకారమో ఈ తెలివి.

ఇక గేర్ బాక్స్. 2023 ఎండాకాలంలో ట్రాఫిక్‌లో రెండు నుంచి మూడుకి మారేటప్పుడు వెనక నుంచి ఎవరో గుద్దినట్టు కుదుపు మొదలైంది. గేర్ ఆయిల్ ఎప్పుడు మార్చారని అడిగితే బ్రోకర్ "అది లైఫ్‌టైమ్ ఆయిల్ సార్, మార్చక్కర్లేదు" అన్నాడు. ఈ మాట కార్ల కంపెనీలు కూడా ఏళ్ళ తరబడి చెప్పాయి. కానీ ఎన్నో లగ్జరీ బండ్లకి గేర్ బాక్సులు చేసిచ్చే జర్మనీ కంపెనీ జెడ్‌ఎఫ్ మాత్రం 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్లకో, ఎనిమిదేళ్ళకో ఆయిల్ మార్చమంటుంది. లైఫ్‌టైమ్ అంటే ఎవరి లైఫ్ అనేది ఎవరూ చెప్పలేదు మరి. హైదరాబాద్‌లో గేర్ బాక్స్ పని మాత్రమే చేసే ఒకాయన దగ్గర పెడితే, ఆయన స్కానర్ తగిలించి కాసేపు చూసి, "బండి ఎంత తిరిగిందన్నారు?" అని అడిగాడు. 90 వేలు అన్నాను. స్క్రీన్ నా వైపు తిప్పాడు. గేర్ బాక్స్ కంప్యూటర్‌లో 1,75,000 ఉంది.

అంటే నాకు అమ్మేనాటికే మీటరు 85 వేలు వెనక్కి తిప్పారు. డాష్‌బోర్డు మీద అంకె మార్చినవాడు లోపల ఇంకోచోట కూడా ఆ లెక్క ఉంటుందని మర్చిపోయాడు, లేదా కొనేవాడు అంత దూరం చూడడులే అనుకున్నాడు. నేను చూడలేదు కూడా. బ్రోకర్‌కి ఫోన్ చేస్తే "మాకు వచ్చిందే అలా వచ్చింది సార్, కాగితం మీద ఉన్నది ఉన్నట్టుగా అని సంతకం పెట్టారు కదా" అన్నాడు. పెట్టాను, నిజమే. గేర్ బాక్స్ రిపేరుకి 2.6 లక్షలు.

సన్‌రూఫ్ గురించి ఒక మాట, ఎందుకంటే మన పిల్లలకి ఇప్పుడు సన్‌రూఫ్ లేకపోతే కారే కాదు. అద్దం చుట్టూ పడిన వాన నీరు పోవడానికి నాలుగు మూలలా సన్న గొట్టాలుంటాయి. చెట్టు కింద పెట్టే బండికి ఆకులూ మట్టీ పట్టి అవి మూసుకుపోతాయి, నీళ్ళు సీలింగ్ వెనక నుంచి దిగి కార్పెట్ కిందికి చేరతాయి. కొన్ని బండ్లలో ముఖ్యమైన ఎలక్ట్రానిక్ పెట్టెలు ఉండేది సరిగ్గా అక్కడే, సీటు కింద. నాకు ముసురు పట్టిన రెండు వారాల తరవాత వెనక డోర్లు వాటంతట అవే లాక్ అవడం, అర్ధరాత్రి ఇండికేటర్లు వెలగడం మొదలైంది. మా పాలేరు దయ్యం అన్నాడు. 88 వేలు. ఆ గొట్టాల్లో ఏడాదికోసారి సన్నటి నైలాన్ తీగ పెట్టి శుభ్రం చేస్తే పైసా ఖర్చుండేది కాదు.

ఇంజన్ ఆయిల్ కూలర్ సీలుకి వందల్లో ధర, కానీ ఆ సీలు వీ ఆకారం ఇంజన్ నడిమధ్య లోయలో ఉంటుంది, టర్బో, మేనిఫోల్డు అన్నీ విప్పితే గానీ చెయ్యి అందదు, కూలీ 62 వేలు. ఇలాంటివి ఒక్క నా బండిలోనే కాదు. బీఎండబ్ల్యూ, ఆడి మూడు లీటర్ల డీజిల్ ఇంజన్లు కొన్నిటిలో టైమింగ్ చైన్ (ఇంజన్ వాల్వులు సరైన వేళకి తెరుచుకునేలా చేసే గొలుసు) ముందు కాకుండా వెనక గేర్ బాక్స్ వైపు పెట్టారు, చైన్ సాగితే ఇంజనో గేర్ బాక్సో దింపాల్సిందే. మొదటి తరం పోర్షే కయెన్ వీ8 ఇంజన్లో నీళ్ళ గొట్టాలు ప్లాస్టిక్‌వి పెట్టారు, వేడికి అవి పెళుసెక్కి పగిలేవి, తరవాత అల్యూమినియంవి వచ్చాయి. కొనే ముందు ఆ ఇంజన్‌కి ఏ జబ్బు ఉంటుందో తెలుసుకుంటే సగం యుద్ధం గెలిచినట్టే. నేను రంగు చూసి కొన్నాను.

టైర్లు నాలుగూ 1.24 లక్షలు. పంక్చరైనా నడిచే రకం కాబట్టి స్టెప్నీ ఇవ్వలేదు, ఆ టైరు చిరిగితే మన పల్లెటూళ్ళలో ఎక్కడ దొరుకుతుంది? మూడుసార్లు బండిని లారీ మీద ఎక్కించి పంపాను. ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారు కొందరు. యాక్సిడెంట్ అయితే ఇస్తారు, అరిగిపోయి ఆగిపోతే ఇవ్వరు, పాలసీలో అది స్పష్టంగానే రాసి ఉంటుంది.

ఈ ఉత్తరం నా గోడు చెప్పుకోవడానికే అయితే ఇంత రాయను, చేతులు కాల్చుకున్నది నేనే. కానీ ఈ బండ్లు మన రెండు రాష్ట్రాల్లోకి ఎలా వస్తున్నాయో చూడండి. ఢిల్లీ పరిసరాల్లో పదేళ్ళు దాటిన డీజిల్, పదిహేనేళ్ళు దాటిన పెట్రోల్ బండ్లు తిరగకూడదని 2015లో పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. తరవాత ఆ నిబంధనలో మార్పులు జరిగాయనుకోండి. అయినా నేను కొన్న రోజుల్లో ఢిల్లీవాడికి 2012 డీజిల్ బండి అంటే ఇంకో ఏడాదిలో చచ్చే బండి. ఎలాగూ వదిలించుకునే బండికి ఎనిమిదో ఏటా తొమ్మిదో ఏటా ఆయిల్ మారుస్తాడా, సంచులు మారుస్తాడా? తళతళా తోమి దక్షిణానికి పంపిస్తాడు. మనం "ఢిల్లీ రూలు వల్ల చౌక, బండి మాత్రం బంగారం" అనే మాట నమ్మి కొంటాం. బంగారంలాంటివి కూడా ఉంటాయి, కాదనను. ఏది బంగారమో ఏది కాదో తెలుసుకునే దారి మాత్రం మనకు లేదు.

దీనికి వరదలు తోడు. 2015లో చెన్నై, 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ. మునిగిన కార్లన్నీ ఎక్కడికి పోయాయి? ఇన్సూరెన్స్ కంపెనీ పూర్తి నష్టం కింద డబ్బిచ్చేసిన బండ్లు వేలంలో అమ్ముడవుతాయి, వాటిలో కొన్ని తుక్కు కింద పోతాయి, కొన్ని సీట్లు ఆరబెట్టుకుని, సెంటు కొట్టుకుని మళ్ళీ రోడ్డు మీదికి వస్తాయి. ఎలక్ట్రానిక్స్ ఎక్కువున్న లగ్జరీ బండి ఒకసారి మునిగిందంటే తుప్పు వైర్ల జాయింట్లలో నెలల తరబడి నెమ్మదిగా పాకుతుంది. కొన్నవాడికి ఏడాది తరవాత తెలుస్తుంది.

మా అక్క కొడుకు ఇంగ్లండ్‌లో ఉంటాడు. నా సంగతి విని వాడు అన్నది ఇది: అక్కడ మూడేళ్ళు దాటిన ప్రతి కారుకీ ఏటా ఎంఓటీ అని తనిఖీ ఉంటుంది, ఆ రోజు మీటరు మీద ఎంత ఉందో, ఏం లోపాలు దొరికాయో రాసుకుంటారు, కారు నంబరు కొడితే అదంతా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మీటరు వెనక్కి తిప్పితే మరుసటి ఏడు అంకె చూడగానే దొరికిపోతాడు. అమెరికాలో ఉన్న మనవాళ్ళని అడగండి, పాత కారు కొనే ముందు దాని చరిత్ర చెప్పే కార్‌ఫ్యాక్స్ రిపోర్టు చూడనివాళ్ళు తక్కువ.

మనకి వాహన్ అని బండ్ల రిజిస్ట్రేషన్ వివరాల ప్రభుత్వ వెబ్‌సైట్ ఉంది. నంబరు కొడితే ఎన్నో ఓనరు, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, అప్పు ఉందా లేదా వస్తుంది, మంచిదే. దానికి ఇంకో రెండు గడులు కలపమనే నేనడిగేది. ఒకటి, ఏటా పొల్యూషన్ సర్టిఫికెట్ తీసుకుంటాం కదా, ఆ రోజు మీటరు అంకె రాసి ఎక్కించండి, ఎలాగూ బండి ఎదురుగానే ఉంటుంది. రెండు, ఇన్సూరెన్స్ కంపెనీ ఏ బండినైనా పూర్తి నష్టం కింద తేల్చితే ఆ మాట ఆ నంబరు పక్కన శాశ్వతంగా కనబడాలి, వరదా యాక్సిడెంటా అన్నది కూడా. 2023 ఏప్రిల్ నుంచి పాత కార్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలని, తమ దగ్గరున్న బండి తిరిగిన ట్రిప్పులు రాసి పెట్టాలని రూలు వచ్చింది. ట్రిప్పులు రాయించగలిగినవాళ్ళు సర్వీస్ పుస్తకం కూడా చూపించమనలేరా? మా బ్రోకర్‌లాంటివాళ్ళు ఆ రూలు కిందికి ఎంతమంది వచ్చారో మీ విలేఖరులు ఒకసారి తిరిగి చూసి రాస్తే బాగుంటుంది.

రెండో సంగతి ఆటోనగర్ కుర్రాడిది. 2014 ఆగస్టులో, మార్కెట్లో పోటీ సవ్యంగా ఉందా లేదా చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద సుమారు 2,545 కోట్ల జరిమానా వేసింది, బయటి మెకానిక్‌లకి విడిభాగాలు, రిపేరు సమాచారం, కంప్యూటర్ సాధనాలు అందకుండా చేస్తున్నారని. కంపెనీలు అప్పీళ్ళకి వెళ్ళాయి. 2022 డిసెంబర్‌లో కేంద్రం "రైట్ టు రిపేర్" (రిపేరు చేయించుకునే హక్కు) పోర్టల్ కూడా పెట్టింది, అందులో ఆటోమొబైల్ రంగం ఉంది. ఇన్నేళ్ళ తరవాత కూడా ఎత్తు కొలత సెట్ చేయడానికి బెంగళూరు నుంచి మనిషి రైలెక్కి రావాల్సి వచ్చిందంటే ఆ ఆర్డరు ఎక్కడ ఆగిపోయిందో అడగాలి కదా. 2025 సెప్టెంబర్ 22 నుంచి విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది, సంతోషం, కానీ రేటు వాళ్ళ చేతిలో ఉన్నప్పుడు పది శాతం ఒక మూలకి.

కొనాలని మరీ సరదా ఉన్నవాళ్ళకి నా దగ్గరున్న సలహా చిన్నది. బండి రేటులో కనీసం మూడో వంతు పక్కన పెట్టుకుని, అది ఖర్చయిపోయినట్టే అనుకుని వెళ్ళండి. రాత్రి ఎత్తుగా లేపి పెట్టమని చెప్పి పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉండగా చూడండి, ఒరిగిందా లేదా అప్పుడే తెలుస్తుంది. కార్పెట్ ఎత్తి చేత్తో తడమండి. నాలుగు టైర్ల మీదా నాలుగంకెల తేదీ ఉంటుంది, మొదటి రెండూ వారం, చివరి రెండూ ఏడు. 40 వేలు తిరిగిందన్న పదేళ్ళ బండికి ఇప్పటికే రెండో సెట్టు టైర్లు ఉన్నాయంటే ఎందుకని అడగండి. అన్నిటికంటే ముందు, మీ ఊరికి దగ్గర్లో ఆ బండి పని తెలిసిన మనిషి ఎవరున్నారో కనుక్కుని, ఆయన ఫీజు ఇచ్చి వెంట తీసుకెళ్ళండి. నేను మా బావమరిదిని తీసుకెళ్ళాను, వాడికి స్టీరియో నచ్చింది.

నా బండి ఇప్పుడు అమ్మకానికి ఉంది. కొనబోతే కొరివి అమ్మబోతే అడవి అన్నట్టు నాలుగు లక్షల పైన ఎవరూ అడగడం లేదు, 2027లో పదిహేనేళ్ళు నిండి రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించాలి కదా, ఆ భయం ఒకటి. ఈ ఉత్తరంతో పాటు మీ ప్రకటనల విభాగానికి విడిగా డబ్బు కట్టి ఒక ప్రకటన పంపుతున్నాను, అందులో రాసినది కోయకుండా వేయండి: "2012 మోడల్. మీటరు మీద 1,09,000, నిజంగా తిరిగింది 1,94,000. వెనక ఎడమ ఎయిర్ బ్యాగ్ ఇంకా మార్చలేదు. అన్ని బిల్లులూ ఫైలులో ఉన్నాయి. బేరం ఉంది."

ఇట్లు,
ఒక రొయ్యల రైతు,
భీమవరం దగ్గర, పశ్చిమ గోదావరి జిల్లా